ఉయోమా పిల్ల కోసం రెండు చిల్లులు

ఒబాండా కట్టిన పడవలో నీరు ఊరదని సరస్సులోని రుసింగా దీవి పడమటి రేవంతా ఒప్పుకుంటుంది. ఒప్పుకోని మనిషి ఒక్కతే, అతని భార్య దొర్సిలా. "నేను ఈయన పడవలో నీళ్ళు తోడుకుంటూ కాపురానికొచ్చాను" అని ఆమె నలభై ఏళ్ళుగా చెబుతూనే ఉంది. చేపలు కొనడానికి వచ్చినవాళ్ళకి చెప్పింది, చర్చిలో పక్కన కూర్చున్నవాళ్ళకి చెప్పింది, ఓట్లడగడానికి వచ్చినవాళ్ళని కూడా నిలబెట్టి చెప్పింది.

అందులో అబద్ధం లేదు. ఒబాండాకి ఈ పని నేర్పిన గురువంటూ లేడు. వాళ్ళ నాన్న వలలు వేసేవాడు. పిల్లాడు మాత్రం వలల దగ్గర నిలవకుండా, ఒడ్డున బోర్లించిన పడవల కింద దూరి, వెల్లకిలా పడుకుని, పక్కటెముకల్లాంటి చెక్కలు అడుగు దూలంతో ఎక్కడ కలుస్తున్నాయో చూస్తూ పడి ఉండేవాడు. ఒకసారి ఎవరూ వద్దని వదిలేసిన పాత పడవని పలకా పలకా ఊడదీసి, మళ్ళీ ఉన్నదున్నట్టు బిగించాడు. నాలుగు మేకులు మిగిలాయి. అవి ఎక్కడివో తెలిసేదాకా అతనికి నిద్ర పట్టలేదట.

తన చేత్తో కట్టిన మొదటి పడవ మీదే పెళ్ళికూతుర్ని తెచ్చుకుంటానని పంతం పట్టాడు. పెళ్ళికూతురిది సరస్సుకి అవతలి ఒడ్డున ఉన్న ఉయోమా. మేనమామ పాత పడవ తీసుకెళ్ళమని బతిమాలాడు. ఒబాండా వినలేదు. వెళ్ళేటప్పుడు పడవ బాగానే వెళ్ళింది, ఖాళీగా ఉంది కనుక. వచ్చేటప్పుడు పెళ్ళికూతురు, ఆమె అక్కచెల్లెళ్ళు, గిన్నెలు, కోళ్ళు ఎక్కేసరికి సగం దూరంలో రెండో పలక కీలు వదిలింది. అక్కచెల్లెళ్ళు కాసేపు పాడారు, తర్వాత కేకలు పెట్టారు. దొర్సిలా మాత్రం కొత్త బట్ట మోకాళ్ళ పైకి దోపుకుని, చేతికందిన సొరకాయ బుర్రతో నీళ్ళు తోడడం మొదలుపెట్టింది. ఒడ్డు తగిలేదాకా తోడుతూనే ఉంది.

ఆ రోజు నుంచి ఒబాండా నీటికి పగవాడయ్యాడు. కీలు కీలుకీ దూది, గుడ్డ పీలికలు కూరి, ఉలి వెనక సుత్తితో దిగ్గొట్టి, జిగురు పోసి, పైన రేకు పరిచి మేకులు కొట్టేవాడు. మేకు కోసం చిల్లు పెడితే ఆ మేకుతోనే మూసేవాడు. మూయకుండా వదిలేసిన చిల్లు అతని చేతిమీద ఒక్కటీ పడలేదు.

అయితే పడవ కారడం కంటే పెద్ద సంగతి ఆ రోజు ఒడ్డు దిగాక జరిగింది. దాని గురించి దొర్సిలా ఎప్పుడూ మాట్లాడలేదు.

పెళ్ళివారి ముంగిట్లో వాయించడానికి ఒగూటాని పిలిచారు. న్యాతిటి వాయించడంలో అప్పట్లో ఆ దీవిలో అతన్ని మించినవాడు లేడు. ఎనిమిది తీగల వాద్యం అది. చెక్క గిన్నెకి చర్మం కప్పి, రెండు కొమ్ములు నిలిపి, అడ్డకర్రకి తీగలు లాగుతారు. వాయించేవాడు చిన్న పీట మీద కూర్చుని, కాలి బొటనవేలికి ఇనుప కడియం తొడిగి, దానితో చెక్కని కొట్టి తాళం వేస్తాడు. ఒగూటా వాద్యాన్ని భుజాన వేసుకుని దారిలో ఉండగానే, కొండమీద ఇంట్లో ముగా తాత కన్నుమూశాడు. అంత పెద్దవాడు పోయినప్పుడు తీగలు అక్కడికే వెళ్ళాలి. కింద ముంగిళ్ళలో పాట ఉండకూడదు. కొండ మలుపులో మనుషులు ఎదురొచ్చి ఒగూటాని అటు తిప్పేశారు.

పెళ్ళి భోజనం గుసగుసల మధ్య అయింది. సాయంత్రం కొత్త గుడిసెలో, ఇంకా తడి ఆరని బట్టతో కూర్చున్న దొర్సిలాకి కొండమీంచి తీగల మోత వినిపించింది.

"ఎవరింట్లో పెళ్ళి?" అంది.

"పెళ్ళి మనదే. తీగల్ని ముగా తాత తీసుకుపోయాడు" అన్నాడు ఒబాండా.

ఆమె చాలాసేపు వింది. "ఒకరోజు ఒగూటాని మన ముంగిట్లో కూర్చోబెడతాను" అన్నాడు ఒబాండా.

తర్వాత పిల్లలు పుట్టారు. ఒగూటా ఊళ్ళు పట్టుకుని తిరిగి, బీరు పాకల్లో వాయించి, తల నెరిశాక తిరిగొచ్చాడు. పిల్లల పెళ్ళిళ్ళు లౌడ్ స్పీకర్ల హోరులో అయిపోయాయి. పడవ సంగతి దొర్సిలా రోజూ ఎత్తేది. తీగల సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. రెంటిలో ఏది ఎక్కువ నొప్పో ఒబాండాకి దాన్నిబట్టే తెలిసేది.

*

పెళ్ళయి నలభై ఏళ్ళయిన సందర్భంగా ఆరుబయట పండగ చేయాలన్న ఆలోచన కూతురు పెరెస్‌ది. ఆమె ఎంబీటాలో బట్టలు కుడుతుంది. టౌన్లో ఇప్పుడు అందరూ చేసుకుంటున్నారని చెప్పింది. అనుకున్న తర్వాత కమిటీ లేకుండా ఎలా కుదురుతుంది? పుట్టినా చచ్చినా మా వైపు కమిటీ వేయాల్సిందే. చైర్మన్‌గా ఎన్‌డేగే తనని తనే ఎన్నుకున్నాడు. ఇతను ఒబాండాకి చిన్ననాటి స్నేహితుడు, ఫెర్రీలో టికెట్లు చింపి రిటైరయ్యాడు, ఆ రోజు నుంచి మాట్లాడ్డమే పనిగా పెట్టుకున్నాడు.

మొదటి మీటింగ్ రేవులో ఒబాండా పడవల పాకలోనే జరిగింది. ఒబాండా పలకని చిత్రిక పడుతున్నాడు. దొర్సిలా గుమ్మం దగ్గర కూర్చుని చేపల పొట్టలు చీలుస్తోంది.

"కుర్చీలు చర్చివి. టెంటు చర్చిదే. వంట తుర్ఫోసా వాళ్ళ జట్టు చూసుకుంటుంది" అని ఎన్‌డేగే వేళ్ళు మడిచాడు. "సభ నడిపేది నేను. దానిమీద చర్చ లేదు."

"నీ నోటి మీద ఎప్పుడు చర్చ జరిగింది బాబాయ్" అంది పెరెస్. "పాటకి హోమా బే నుంచి బ్యాండు మాట్లాడాను. స్పీకర్లు ఒక్కోటి బీరువా అంత ఉంటాయి."

"బీరువాలే మోగిస్తారా, మనుషులు కూడా వస్తారా?"

"గిటార్లున్నాయి, అమ్మాయిలు డాన్సు చేస్తారు."

"అమ్మాయిలుంటే నేను ఒప్పుకున్నాను" అన్నాడు ఎన్‌డేగే.

దొర్సిలా చేప కడిగి పళ్ళెంలో వేసింది. తల ఎత్తకుండానే, "ఒగూటా వస్తే చేద్దాం. లేకపోతే వద్దు" అంది.

ఒబాండా చేతిలో చిత్రిక ఆగిపోయింది.

"అమ్మా, ఆయన వాయించడం మానేసి మూడేళ్ళవుతోంది" అంది పెరెస్. "చేతులు వణుకుతాయి. ఆ న్యాతిటి ఎక్కడుందో కూడా తెలియదు."

"మానేసినవాడు మళ్ళీ మొదలుపెట్టలేడా? నలభై ఏళ్ళకి ఒక్కటి అడిగాను. బీరువాలు అడగలేదే."

పెరెస్ తండ్రి వైపు చూసింది. ఒబాండా చిత్రికలో ఇరుక్కున్న పొట్టు తీస్తూ, "రేపు వెళ్ళి కనుక్కుంటాను" అన్నాడు. దొర్సిలా ఇంకో చేప అందుకుంది.

*

ఒగూటా ఇల్లు దీవి అవతలి వైపు. ఒబాండా వెళ్ళేసరికి ముసలాయన ఎండలో కూర్చుని పొగాకు నలుపుకుంటున్నాడు. ఒక కంటికి పొర కమ్మింది.

"ఎవరది, పడవలోడేనా? నన్ను ముంచడానికి వచ్చావా?"

"నా పడవలు మునగవు అన్నా."

"మీ ఆవిడ అలా చెప్పడం లేదే."

ఒబాండా కూర్చుని వచ్చిన పని చెప్పాడు. కొండ మలుపు సంగతి అతనికి గుర్తుందో లేదో అనుకున్నాడు. ఒగూటాకి బాగానే గుర్తుంది. "ఆ రోజు మీ మేనమామ పంపిన కోడి నేను తిన్నాను. వాయించనే లేదు. ఆ కోడి ఇప్పటికీ నా కడుపులో కూస్తోంది" అన్నాడు.

"అయితే రా."

"రావడానికి కాళ్ళున్నాయి. అదుగో, దాన్ని చూడు."

పొయ్యి పైన, మసి పట్టిన దూలానికి న్యాతిటి వేలాడుతోంది. ముసలాయన భార్య పోయిన రోజు వాయించి అక్కడ తగిలించాడు. మళ్ళీ దించలేదు. ఒబాండా దించి చూశాడు. గిన్నె పీచు వెంబడే రెండు చోట్ల చీలింది. చర్మం ఎండి, చుట్టుకుపోయి, ఎలుకలు కొరికి చిల్లులు పడింది. తీగలు మూడే మిగిలాయి.

"వేరే ఎవరిదైనా అడుగుదామా?"

"వేరేవాడి చెప్పుల్లో నువ్వు నడుస్తావా? నా వేళ్ళు దీనిమీదే నడుస్తాయి."

"నేను బాగుచేస్తాను."

ఒగూటా మంచి కన్నుతో అతన్ని ఎగాదిగా చూశాడు. "చీలిక మూయి. చర్మం మార్చు. తీగలు కట్టు. అంతకంటే ఏమీ చెయ్యకు. నీకు చెయ్యి ఆగదు, నాకు తెలుసు."

ఒబాండా ఆ వాద్యాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చాడు.

*

తర్వాతి రోజుల్లో ఒబాండాకి పాతికేళ్ళ వయసు తిరిగొచ్చినట్టుంది. ఒప్పుకున్న పడవ పక్కన పెట్టి, పొద్దున్నే పాకలో కూర్చునేవాడు. మసి గీకేసరికి లోపల చెక్క తేనెరంగులో బయటపడింది. ఒకే మొద్దులోంచి తొలిచిన గిన్నె అది. ఎవడో ఓపికగా, గోడ ఒక్క చోట కూడా మందం తేడా రాకుండా తొలిచాడు. ఒబాండా వేలితో తడిమి తడిమి చూశాడు. చేసినవాడి ఉలి ఎడమచేతిదని ఆ గాట్లు చూస్తేనే తెలుస్తోంది. చేసినవాడు పోయి ఎన్నాళ్ళయిందో, గాట్లలో మాత్రం ఇంకా కూర్చునే ఉన్నాడు.

చీలికల్లో దూది కూరాడు. జిగురు పోశాడు. అదీ చాలదనిపించి లోపలి నుంచి ఇంకో పూత వేశాడు. తీగలకి ఆనించే చిన్న వంతెన చెక్క మీద నల్లటి ముద్దలు అంటుకుని ఉంటే, నలభై ఏళ్ళ మురికి కదా అని శుభ్రంగా గీకి, నున్నగా రుద్దాడు. కసాయి దగ్గర మంచి ఆవు చర్మం తెచ్చి, నానబెట్టి, వెంట్రుకలు తీసి, తడిమీద లాగి బిగించాడు. అది నీడలో నెమ్మదిగా ఆరాలి. తొందరపడితే చిట్లుతుంది. చివరకి పెద్ద చేపలకి వాడే గాలపు తాడుతో ఎనిమిది తీగలూ కట్టాడు.

ఆ పని చేస్తుంటే పాత రోజులు వరసగా గుర్తొచ్చేవి. మొదటి పడవ వాసన, మేనమామ దగ్గు, పడవకి రంగు వేసే రోజు ఒడ్డున మూగే జనం. అప్పుడు రేవులో రాత్రంతా వలల వాళ్ళు పాడుకునేవాళ్ళు. ఇప్పుడు ఎవడి చెవిలో వాడి ఫోను. ఒగూటా ఊళ్ళు పట్టుకుని పోకముందు, వాళ్ళ పాటల మధ్య అతని తీగలు కొండ అవతలి నుంచి వచ్చేవి. దొర్సిలా పొయ్యి దగ్గర ఆగి వినేది. వింటోందని ఎవరూ గమనించకూడదని చేతిలో గరిటె తిప్పుతూనే ఉండేది.

దొర్సిలా పాకలోకి వచ్చి చూసి, "నున్నగా ఉంది" అంది. ఆమె నోటినుంచి అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఒబాండా ఎన్నడూ వినలేదు.

*

పండగ రేపనగా మధ్యాహ్నం ఒగూటా మనవడి మోటార్ సైకిల్ మీద వచ్చాడు. ముంగిట్లో టెంటు లేపుతున్నారు. ఎన్‌డేగే కుర్చీలు ఎటు తిప్పాలో చెబుతూ ఎవరికీ అడ్డం లేని చోటు దొరక్క తిరుగుతున్నాడు. పాకలో పీట వేశారు. ముసలాయన వాద్యాన్ని ఒళ్ళో పెట్టుకుని, గిన్నెని అరచేత్తో నిమిరి, "దీని ముడతలన్నీ పోయాయే" అన్నాడు.

తీగ మీటాడు.

తడి గోనెసంచి మీద కర్రతో కొట్టినట్టు చప్పుడొచ్చింది. ఇంకో తీగ మీటాడు. అదీ అంతే. ఎనిమిదీ మీటి, చర్మం మీద వేలితో తట్టి, ముఖం దగ్గరగా పెట్టుకుని మంచి కన్నుతో చూశాడు. తర్వాత భుజాలు కదిలిపోయేలా నవ్వడం మొదలుపెట్టాడు.

"ఒరే పడవలోడా, దీన్ని సరస్సులో వదిలితే ఉగాండా దాకా పోతుందిరా. చుక్క నీరు రాదు."

"రాకూడదనే కదా."

"చిల్లులేవిరా?"

"ఏ చిల్లులు?"

"చర్మానికి రెండు చిల్లులుండాలి. గుండ్రంగా."

"ఎలుకలు కొరికినవా?"

"ఎలుక గుండ్రంగా కొరుకుతుందా? అవి మా గురువు పెట్టినవి. వాటి పక్కన కొరికింది ఎలుక. ఈ చెక్క మీద నల్లటి మైనం ఉండాలి, తేనెపట్టు మైనం. తీగ దానికి ఒరుసుకుని జుమ్మంటుంది. నువ్వు దాని గొంతు గీకి పారేశావు."

పాక గుమ్మంలో నిలబడ్డ పెరెస్ మెల్లగా ఫోను తీసింది. "నాన్నా, హోమా బే వాళ్ళు ఇంకా ఎవరికీ ఒప్పుకోలేదట. ఇప్పుడు చెప్పినా పొద్దున్నకి వచ్చేస్తారు."

"నీ పని నీళ్ళు లోపలికి రాకుండా చూడ్డం" అన్నాడు ఒగూటా. నవ్వు తగ్గింది. "దీని పని లోపలిది బయటికి పంపడం. నీ తప్పు కాదులే. చిల్లులు పొడువు. మైనం నా జేబులోనే ఉంటుంది ఎప్పుడూ." పొగాకు ఆకులో చుట్టిన నల్లటి ముద్ద తీసి చూపించాడు.

"నువ్వే పొడువన్నా."

ముసలాయన రెండు చేతులూ ముందుకి చాపాడు. తీగల మీద లేనప్పుడు అవి గాలికి ఊగే ఆకుల్లా వణుకుతున్నాయి. "ఈ చేతులతో పొడిస్తే రెండు బదులు ఇరవై పడతాయి."

ఒబాండా సన్నటి ఇనుప చువ్వ నిప్పుల్లో కాల్చాడు. ఎర్రబడింది. తీసుకుని వచ్చి చర్మం పైన పట్టుకున్నాడు. చెయ్యి దిగలేదు. చువ్వ చల్లారింది. మళ్ళీ కాల్చాడు. మళ్ళీ అలాగే నిలబడ్డాడు. బిగువుగా లాగిన చర్మం అది. చోటు కాస్త తప్పితే చిల్లు అంచు నుంచి చీలుకుంటూ పోతుంది. ఇంకో చర్మం ఆరబెట్టే వ్యవధి లేదు. అది ఒక భయం. అసలు భయం అది కాదు. చక్కగా మూసిన దానికి చిల్లు పెట్టి వదిలేయడం అతని చేతికి తెలియదు. నలభై ఏళ్ళు ఆ చేతికి ఒకటే చెప్పాడు.

"పెరెస్, వాళ్ళకి ఫోన్ చెయ్యి" అన్నాడు చివరకి. చువ్వ కింద పెట్టాడు.

అప్పుడు దొర్సిలా వచ్చింది. బయట ఎంతసేపటి నుంచి నిలబడి వింటోందో తెలియదు. చేతిలో చేపలు కడిగిన ఖాళీ గిన్నె ఉంది. ఒబాండా ఎదురుగా నేలమీద చతికిలబడింది.

"ఫోన్ లోపల పెట్టు" అంది కూతురితో. మొగుడి వైపు తిరిగింది. "పెరెస్ వాళ్ళ నాన్నా, పొడువయ్యా. కారితే నేను తోడతాగా."

ఒగూటా మళ్ళీ నవ్వబోయి, ఒబాండా ముఖం చూసి ఆగిపోయాడు.

ఒబాండా చువ్వని నిప్పుల్లో పెట్టాడు. అది మళ్ళీ ఎర్రబడింది. ముసలాయన వేలితో చోటు చూపించాడు. ఒబాండా ఆ చోట చువ్వ మొన ఆనించి, తోయకుండా, బరువు మాత్రం వదిలాడు. చర్మం చిటపటమని, కాలిన వాసన వేసి, గుండ్రంగా విచ్చుకుంది. అంచు చీలలేదు. రెండోది పొడిచాడు. అదీ చీలలేదు. చెమట తుడుచుకోవడం కూడా మరిచిపోయి చిల్లులోకి తొంగి చూశాడు. లోపల, తను వేసిన పూత మెరుస్తోంది.

ఒగూటా మైనాన్ని నోటి ఆవిరితో మెత్తబరిచి వంతెన చెక్క మీద అద్దాడు. తీగ మీటాడు.

గిన్నెలో తుమ్మెద మేల్కొన్నట్టు జుమ్మంది. ఆ చప్పుడు పాక దాటి ముంగిట్లోకి వెళ్ళింది. అక్కడ కుర్చీల గొడవ ఆగిపోయింది.

దొర్సిలా లేచి, ఖాళీ గిన్నె చంకన పెట్టుకుని చేపల దగ్గరికి వెళ్ళిపోయింది.

*

ఆదివారం ప్రార్థన అయ్యాక జనం ముంగిట్లో నిండారు. రేవు వాళ్ళు వచ్చారు, ఉయోమా నుంచి దొర్సిలా చెల్లెళ్ళు ఇద్దరు వచ్చారు. ఈసారి ఫెర్రీ మీద వచ్చామని, బట్టలు తడవలేదని దిగీ దిగగానే బావగారికి చెప్పారు. వేయించిన చేపలు, కోడి కూర, సంకటి ముద్దలు పళ్ళాల్లో తిరిగాయి. పెరెస్ తల్లిదండ్రులిద్దరికీ ఒకే గుడ్డతో బట్టలు కుట్టింది. ఒబాండా చొక్కా మెడ బిగుతుగా ఉందని పదిసార్లు సర్దుకున్నాడు.

ఒగూటా పీట మీద కూర్చున్నాడు. కాలికి గజ్జెలు కట్టుకుని, బొటనవేలికి కడియం తొడిగాడు. తీగల మీద పెట్టేసరికి ఆ చేతుల వణుకు ఎటు పోయిందో ఎవరికీ తెలియలేదు. పాట మొదలైంది.

మొదలైంది గానీ సాగనిస్తారా? పాట మధ్యలో పళ్ళెంలో నాణెం వేసి ఆపమంటే, వాయించేవాడు ఆపాలి. ఆపించినవాడు లేచి తన గొప్పా తనవాళ్ళ గొప్పా చెప్పుకుని, ఇక సాగనిమ్మన్నాకే మళ్ళీ తీగ కదలాలి. మొదటి నాణెం ఎవరిదో చెప్పక్కర్లేదు.

"నేను ఎన్‌డేగేని. నేను చెయ్యి ఊపందే ఈ సరస్సులో ఫెర్రీ కదిలేది కాదు" అన్నాడు అతను ఛాతీ విరిచి. "ఒబాండా నా మిత్రుడు. అతనికి మాటలు రావు కాబట్టి దేవుడు అతని వాటా కూడా నాకే ఇచ్చాడు."

"టికెట్లు చింపినంత మాత్రాన ఫెర్రీ నీదైపోయిందా?" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

"సాగనివ్వండి" అన్నాడు ఎన్‌డేగే హుందాగా.

నాలుగు చరణాలు అయ్యాయో లేదో, దొర్సిలా పొయ్యి పక్కనే పొయ్యి పెట్టుకున్న తుర్ఫోసా లేచింది. "నేను తుర్ఫోసాని. నేను పొగపెట్టిన చేప తిన్నవాడు ఇంటికెళ్ళి పెళ్ళాం చేతి చేప ముట్టడు. ఇరవై ఏళ్ళు ఈ దొర్సిలా, నేనూ ఒకే పొగ మింగాం. నాకు ఏడుపొచ్చినప్పుడల్లా పొగ అని చెప్పి నన్ను కాపాడింది." ఆ మాటకి నవ్వినవాళ్ళు నవ్వారు, కొందరు ఊరుకున్నారు. "సాగనివ్వండి."

అలా పాట ఆగుతూ సాగుతూ ఎండ వాలింది. ఒగూటా నీళ్ళు తాగి వేళ్ళు విదిలించుకున్నాడు. అలిసిపోయాడని అందరికీ తెలుస్తోంది. ఇంకొక్కటే వాయిస్తానన్నాడు. అప్పుడు దొర్సిలా లేచి పళ్ళెం దగ్గరికి నడిచింది. నాణెం వేసింది గానీ తనని పొగుడుకోలేదు.

"అన్నా, నేనొచ్చిన రోజు కొండమీద వాయించావే. అది వాయించు."

ఒగూటా తల అడ్డంగా ఊపాడు. "చెల్లెమ్మా, అది ముగా తాత పాట. చావుపాట."

"నీకది చావుపాట. ఆ ముగా తాత ఎవరో నేనెరగను. కొత్త ఇంట్లో తడిబట్టతో కూర్చున్నప్పుడు నాకు వినిపించింది అదొక్కటే. నా పెళ్ళిపాట అదే."

ఒబాండా ఆమె ముఖం చూశాడు. ఇన్నేళ్ళూ ఆమె ఆ తీగలు తనకి దక్కలేదని బాధపడుతోందనే అనుకున్నాడు. ఆమె ఆ పాటని ఆ రోజే తీసుకుని దాచుకుందని ఇప్పుడు తెలిసింది.

ఒగూటా కాసేపు తీగల్ని వట్టిగా తడిమాడు. "పాటలో పేర్లే కదా ఉండేవి" అన్నాడు తనలో తను అనుకున్నట్టు. "పేర్లు మారుస్తాను."

మొదలుపెట్టాడు. నెమ్మదైన వరస అది. కడియం చెక్క మీద పడేది కూడా ఆగి ఆగి పడుతోంది. చచ్చినవాడి పేరు రావాల్సిన చోట ముసలాయన గొంతు ఒక్క క్షణం నిలిచి, ఉయోమా పిల్ల అని పాడింది. నీళ్ళు తోడిన చెయ్యి అని పాడింది. చెల్లెళ్ళిద్దరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. దొర్సిలా కళ్ళు మూసుకుని నిలబడే ఉంది. కుడిచెయ్యి మాత్రం పక్కన సన్నగా కదులుతోంది.

పళ్ళెంలో నాణెం పడింది. పాట ఆగింది. అందరూ తిరిగి చూశారు. అక్కడ నిలబడ్డది ఒబాండా. పెళ్ళిళ్ళలో, పండగల్లో, ఎవరి ముంగిట్లోనూ అతను నాణెం వేయగా చూసినవాళ్ళు లేరు. ఎన్‌డేగే నోరు తెరిచి, ఈ ఒక్కసారికి మూసుకున్నాడు.

ఒబాండా చొక్కా మెడ సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ మెడ సర్దుకున్నాడు.

"నేను ఒబాండాని" అన్నాడు. "పడవలు కడతాను. నా చేత్తో పెట్టిన చిల్లు ఏదీ మూయకుండా వదల్లేదు. నిన్న రెండు వదిలాను. అవి ఉయోమా పిల్ల కోసం."

ఇంకా ఏదో చెప్పాలని నిలబడ్డాడు. మాటలు అక్కడితో అయిపోయాయి. సాగనివ్వండి అనాలన్నది కూడా మరిచిపోయాడు. ఒగూటా వేళ్ళు తీగల మీద ఎదురుచూస్తున్నాయి.

దొర్సిలా కళ్ళు తెరిచింది.

"విన్నాంలే, కూర్చోవయ్యా" అంది. "నా పాట నలభై ఏళ్ళకి మొదలైంది. మళ్ళీ ఆపావు."

అతను కూర్చున్నాడు. ఇనుప కడియం చెక్కని తాకింది.